షోరూముకు ముందు సెల్లారు చూడండి

సంపాదకులకు,

తెలంగాణలో ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుముల మినహాయింపు 2026 డిసెంబరు 31 వరకే. ఆ తేదీ చూసి తొందరపడేవాళ్లు ముందు బుకింగ్ చేసి, తర్వాత లోను చూసుకుని, చివరికి బండి వచ్చే వారంలో ‘చార్జర్ ఎక్కడ పెట్టాలి’ అని వెతుకుతుంటారు. అపార్టుమెంటులో ఉండేవాళ్లకు మొదట తేలాల్సింది ఆ చివరి సంగతే.

కారుతో వచ్చే చిన్న చార్జర్ సాధారణంగా 3.3 కిలోవాట్లది. అంటే గంటల తరబడి 14 ఆంపియర్లు ఆగకుండా లాగుతుంది. 45 యూనిట్ల బ్యాటరీ ఖాళీ నుంచి నిండటానికి, మధ్యలో వృథా అయ్యేదీ కలుపుకుని, సుమారు 15 గంటలు పడుతుంది. గీజరు అరగంట నడిచే ప్లగ్గు రాత్రంతా అంత కరెంటు మోయలేదు, నాసిరకందైతే కరిగిపోతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు మాటే వద్దు. మీటరు నుంచి దీనికంటూ విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే ఆపే స్విచ్), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్), పారిశ్రామిక రకం సాకెట్ ఉండాలి. 7.2 కిలోవాట్ల గోడ చార్జర్‌కైతే 6 చదరపు మిల్లీమీటర్ల తీగ కావాలి. మీటర్ల బోర్డు నుంచి పార్కింగు 30 మీటర్లు దాటితే 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయించడమే మంచిది, లేకపోతే వోల్టేజీ పడిపోతుంది. ఇంటికి రెండు మూడు కిలోవాట్ల లోడే మంజూరై ఉంటే దాన్ని పెంచుకోకుండా ఈ చార్జర్ జోలికి పోవద్దు.

అన్నిటికన్నా భయపెట్టేది ఎర్తింగు. ఎర్తు సరిగా లేకపోతే చార్జర్ ఎర్ర లైటు వేసి ఆగిపోతుంది. అప్పుడు కొందరు ఎలక్ట్రీషియన్లు సాకెట్లోనే న్యూట్రల్‌ను (కరెంటు తిరిగి వెళ్లే తీగను) ఎర్తుకు కలిపేస్తారు. ఎర్ర లైటు పోతుంది, కారు చార్జవుతుంది, అందరూ సంతోషిస్తారు. కానీ ఎక్కడైనా న్యూట్రల్ తెగిన రోజు కారు బాడీకే కరెంటు వస్తుంది. దయచేసి ఎవరూ ఆ పని చేయనివ్వకండి. కొత్త ఎర్తు గొయ్యి తవ్వించడమే దానికి మందు.

అసోసియేషన్ ఒప్పుకోవడం లేదని చాలామంది వెనక్కి తగ్గుతున్నారు. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024 ఫిబ్రవరిలో చేసిన సవరణ ప్రకారం కారు చార్జింగుకు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) నుంచి విడి కనెక్షన్ అడగవచ్చు. అందులో డబ్బు లాభమూ ఉంది. నెలకు 1,200 కిలోమీటర్లు తిరిగితే సుమారు 190 యూనిట్లు కాలతాయి. ఇంట్లో ఇప్పటికే 250 యూనిట్లు వాడుతుంటే, ఇంటి మీటరు మీద అవి 7.70, 9, 9.50 రూపాయల శ్లాబుల్లో పడి 1,665 అవుతాయి. విడి కనెక్షన్ తీసుకుంటే ఈవీ (ఎలక్ట్రిక్ వాహనాల) కేటగిరీలో యూనిట్ 6 రూపాయలే కాబట్టి 1,140 చాలు. స్థిర చార్జీ, డిపాజిట్ ఎంతో కూడా డిస్కం ఆఫీసులో కనుక్కుని లెక్క వేసుకోండి. ఇంట్లో వీలుకాక బయటి ఫాస్ట్ చార్జర్ల మీదే ఆధారపడితే యూనిట్‌కు 20 రూపాయల పైమాటే అవుతుంది. పైగా 60 కిలోవాట్ల మిషన్‌కు రెండు గన్నులుంటే, పక్కన ఇంకో కారు తగిలించగానే చాలాచోట్ల మీకు 30 మాత్రమే అందుతుంది. అలాంటివాళ్లు కొన్నాళ్లు ఆగడమే మేలని నా అభిప్రాయం.

లోను దగ్గర ‘నెలకెంత’ అని మాత్రమే అడగవద్దు. 12 లక్షలకు 9 శాతం వడ్డీతో ఐదేళ్లయితే వాయిదా 24,910, మొత్తం వడ్డీ 2.95 లక్షలు. ఏడేళ్లయితే వాయిదా 19,307కు దిగుతుంది గానీ వడ్డీ 4.22 లక్షలకు చేరుతుంది. మూడేళ్లు కట్టాక కూడా 7.76 లక్షల బాకీ మిగులుతుంది. సెకండ్ హ్యాండులో ఎలక్ట్రిక్ కార్ల ధర త్వరగా పడిపోతోంది కాబట్టి, ఆ రోజు అమ్మితే అప్పు తీరుతుందో లేదో చెప్పలేం. ఐదేళ్ల వాయిదా మోయలేకపోతే చిన్న బ్యాటరీ మోడల్ చూసుకోండి. షోరూములో చెప్పే వడ్డీ ఫ్లాటా (చివరిదాకా మొత్తం అప్పు మీద లెక్కించేదా), తగ్గే బాకీ మీదా అని అడగండి. బ్యాంకు ఇవ్వాల్సిన కీలక వివరాల పత్రంలో అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటు ఉంటుంది, పోల్చాల్సింది దాన్నే. లోను వడ్డీ మీద లక్షన్నర వరకు ఆదాయపు పన్ను మినహాయింపు వస్తుందని ఎవరైనా అంటే నమ్మవద్దు. ఆ 80ఈఈబీ సెక్షన్ 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే.

బ్యాటరీని అద్దెకిచ్చే పథకాల్లో కారు ధర తక్కువగా కనిపిస్తుంది. కిలోమీటరుకు 3.50 రూపాయల అద్దె, నెలకు కనీసం 1,500 కిలోమీటర్లు అన్న షరతు ఉంటే, మీరు 600 తిరిగినా 5,250 కట్టాల్సిందే. కరెంటు ఖర్చు దానికి అదనం. తక్కువ తిరిగేవాళ్లకు ఇది పనికిరాదు.

ఇక డీలరు సంగతి. షోరూం ఉన్నంత మాత్రాన అక్కడ హై వోల్టేజీ పని చేసే టెక్నీషియన్ ఉంటాడని కాదు. జిల్లా కేంద్రాల్లో ఉండేవాళ్లు, బ్యాటరీ విప్పే పని ఏ వర్క్‌షాపులో చేస్తారో పేరుతో సహా రాయించుకోవాలి. ఆగిపోయిన కారును తాడు కట్టి లాగకూడదు. చక్రాలు తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది. ఫ్లాట్‌బెడ్ లారీ మీదే తీసుకెళ్లాలి, ఆ ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి. బ్యాటరీ వారంటీ రెండో యజమానికి ఎంతవరకు వర్తిస్తుందో చదవండి. ‘జీవితకాలం’ అన్న మాట సాధారణంగా మొదటి యజమాని వరకే. డెలివరీకి ముందు తయారీ నెల చూసి, నెలల తరబడి యార్డులో నిలిచిన బండైతే బ్యాటరీ ఆరోగ్య నివేదిక అడగండి. ఏసీ (ఇంటి చార్జర్), డీసీ (ఫాస్ట్ చార్జర్) రెండు రకాల చార్జింగూ అక్కడే పెట్టి చూడండి. ఇన్సూరెన్సు డీలరు దగ్గరే తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు.

డీలర్లకు ఒక విన్నపం. బుకింగు సొమ్ము తీసుకునే ముందే మీ ఎలక్ట్రీషియన్‌ను కొనేవారి పార్కింగుకు పంపండి. అక్కడ చార్జర్ కుదరదని తేలితే సొమ్ము పూర్తిగా తిరిగిస్తామని బుకింగు ఫారంలోనే రాయండి.

— ఒక ఎలక్ట్రికల్ ఇంజినీరు, హైదరాబాద్