చింత యావత్తూ ఆయన మీద వేయడమంటే

బంగారు తల్లికి,

నిద్ర పట్టడం లేదని, ప్రార్థనకు కూర్చుంటే దిగులు ఇంకా ఎక్కువవుతోందని రాశావు. నీ విశ్వాసం ఆరిపోయిందనడానికి అది గుర్తు కాదమ్మా. దిగులు పడుతున్నందుకు మళ్లీ ఇంకో దిగులు నెత్తికెత్తుకోకు. 13వ కీర్తన మొదటి రెండు వచనాల్లోనే దావీదు నాలుగుసార్లు "ఎంతకాలం?" అని దేవుణ్ణి అడుగుతాడు. 88వ కీర్తనైతే చీకట్లోనే ముగిసిపోతుంది. అవీ ప్రార్థనలే.

ప్రార్థనలో దిగులు పెరిగేది చాలావరకు ఒకే కారణం వల్ల. కళ్లు మూసుకుని, ఉన్న భయాన్నే మళ్లీ మళ్లీ తిరగేస్తాం. దేవుణ్ణి ఏదీ అడగం. ఫిలిప్పీ 4:6లో పౌలు "మీ విన్నపములు దేవునికి తెలియజేయుడి" అన్నాడు. ఆ మాట రాసేటప్పుడు ఆయన సంకెళ్లలో ఉన్నాడు. కాబట్టి పడుకునే ముందు ఒక కాగితం తీసుకుని, ఒక్కో చింతను ఒక్కో వరుసలో రాయి. "నా భవిష్యత్తు ఏమవుతుందో" అన్నది విన్నపం కాదు. "గురువారం ఇంటర్వ్యూలో తడబడకుండా మాట్లాడాలి" అన్నది విన్నపం. రేపు నీ చేతనయ్యే పని ఏదైనా ఉంటే ఆ వరుస పక్కనే రాసుకో. మిగతావి ఒక్కసారి పైకి చదివి, "ఇది నీకు అప్పగిస్తున్నాను ప్రభువా" అని కాగితం మడిచేయి. చివర్లో ఆ రోజు నిజంగా జరిగిన ఒక మేలుకు కృతజ్ఞత చెప్పు. కష్టాన్నే మేలని పిలవమని ఎవరూ అడగడం లేదు. దీనంతటికీ పది నిమిషాలు చాలు. గంటసేపు సాగిందంటే మళ్లీ తిరగేయడం మొదలైందన్నమాట.

అర్ధరాత్రి అదే చింత తిరిగొస్తుంది. తప్పకుండా వస్తుంది. 1 పేతురు 5:7లో "మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి" అన్నచోట ఉన్న గ్రీకు క్రియ కొత్త నిబంధనలో ఇంకొక్క చోటే కనబడుతుంది: లూకా 19:35లో, శిష్యులు గాడిదపిల్ల మీద తమ బట్టలు వేసినప్పుడు. అలా భుజం మీది బరువు తీసి ఇంకొకరి మీద వేయడమే ఇది. మళ్లీ నీ భుజానికెక్కితే మళ్లీ వేయి. 42, 43 కీర్తనలు రాసినవాడు "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" అని తన ప్రాణాన్ని మూడుసార్లు అడగాల్సి వచ్చింది. మూడుసార్లూ అదే జవాబు చెప్పుకున్నాడు: దేవునియందు నిరీక్షణ ఉంచు. రాత్రిపూట నీ ఆలోచనలు చెప్పేది వింటూ పడుకోక, నువ్వే వాటికి ఈ మాట చెప్పు.

ఒక్క విషయంలో జాగ్రత్త. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడ్డ వచనాన్ని వాగ్దానంగా పట్టుకోకు. మేలు చేస్తానని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 అందరికీ కంఠస్థమే, దాని పై వచనంలో డెబ్బై సంవత్సరాలు గడవాలన్న మాట మాత్రం తక్కువమంది చూస్తారు. బబులోనుకు బందీలుగా వెళ్లిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం అది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని అయిదో వచనంలోనే చెప్పాడు. అనుకున్న తేదీకి జవాబు రాకపోతే నిరీక్షణ పోయినట్టు కాదని నేను దాన్నుంచే నేర్చుకున్నాను.

చచ్చిపోతే బాగుండునన్న ఏలీయా ప్రవక్తకు దేవుడు ముందు నిద్ర, రొట్టె, నీళ్లు ఇచ్చాడు, అదీ రెండుసార్లు (1 రాజులు 19). మాటలు తర్వాత. అందుకే భోజనం మానకు. రెండు వారాలు దాటినా నిద్ర రాకపోయినా, గుండె దడ తగ్గకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లు. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడే కదా. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకు, ఆ గంటలోనే నాకు ఫోన్ చెయ్యి.

సంఘంలో నువ్వు నమ్మే ఒక్క అక్కకైనా ఈ వారం సంగతి చెప్పు, ఆమెతో కలిసి ప్రార్థించు. ఈ రాత్రికి 13వ కీర్తన చాలు, ఆరు వచనాలే. పైకి చదువు. ఫోన్ పక్క గదిలో పెట్టు, నేను చేస్తే రేపు చూసుకోవచ్చు.

ప్రేమతో,
నాన్న