పరుగుకు కొనే జాకెట్ గురించి అమ్మలుకు

చి. అమ్మలుకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాలు మునుపటికంటే నయంగా ఉంది, నానమ్మ చెవి మిషను పెట్టుకోనని మళ్ళీ మొండికేస్తోంది, నీ గది కిటికీ రెక్క బాగుచేయించాను. ఈ మధ్య ఫోను చేస్తే రెండు మాటలకే పని ఉందంటున్నావు. పని ఉండడం మంచిదే, దాని గురించి నేను రాయడం లేదు. చలికాలంలో కూడా పరుగు మానబోనని, అందుకు వెచ్చటి జాకెట్ ఒకటి చూస్తున్నానని నువ్వు మీ అమ్మతో అన్నావట కదా, ఆ జాకెట్ గురించి నాకు తోచిన నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను.

రాయడం మొదలుపెట్టకముందే ఒక మాట. మొన్న పరుగు ముగించి వచ్చి, వేళ్ళు కొంకర్లు పోయి తాళంచెవి తిప్పలేక గుమ్మం ముందే నిలబడిపోయావని, పక్కింటివాళ్ళు తలుపు తీసి లోపలికి పంపారని పండు అత్తయ్యతో చెప్పాడట, అత్తయ్య మాకు చెప్పింది. గోరంతను కొండంత చేయడం పండుకు చిన్నప్పటి నుంచీ ఉన్న విద్యే కాబట్టి నేను పెద్దగా పట్టించుకోలేదు. మీ అమ్మకు మాత్రం ఆ రాత్రి నిద్ర లేదు. సరే, జాకెట్ సంగతికి వస్తాను.

కొట్టుకు వెళ్ళిన ఎవరి చెయ్యి అయినా ముందు పోయేది అన్నిటికంటే దళసరిగా ఉన్నదాని మీదికే. నీకు అది పనికిరాదు. ఊరికే కూర్చున్న మనిషి ఒళ్ళు సుమారు 100 వాట్ల వేడిని పుట్టిస్తుంది, పరుగెత్తే మనిషి ఒళ్ళు అందుకు ఐదారు రెట్లు పుట్టిస్తుంది. కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు నాలుగింట మూడు వంతులు వేడిగానే మారిపోతాయి, నిన్ను ముందుకు నడిపేది ఆ మిగిలిన కాస్తే. ఇంత వేడిని దళసరి బట్టలో బంధిస్తే ఒళ్ళు ఊరుకోదు, చెమట పట్టిస్తుంది. ఆ చెమట బయటికి పోయే దారి లేక లోపలి బట్టను తడిపేస్తుంది. అప్పుడు నువ్వు ఆగావనుకో, వేడి పుట్టడం ఆగిపోతుంది కాని తడి మాత్రం అలాగే ఉంటుంది. నీళ్ళు కదలని గాలికంటే దాదాపు 24 రెట్లు ఎక్కువగా వేడిని మోసుకుపోతాయి. పైగా ఆవిరయ్యే ప్రతి గ్రాము చెమటా ఒంట్లోంచి సుమారు 2,400 జౌళ్ల వేడిని పట్టుకుపోతుంది. పరుగెత్తినంతసేపూ మేలు చేసిన ఏర్పాటే ఆగిన తర్వాత నీమీద తిరగబడుతుంది. అందువల్ల అసలు చలి దెబ్బ తగిలేది పరుగులో కాదు, పరుగు ఆగిన తర్వాతి పావుగంటలో. ఇంటి గుమ్మం కూడా ఆ పావుగంటలోనే వస్తుందని గుర్తుపెట్టుకో.

మీ చిన్నాన్న కొండ సంగతి నువ్వు ముక్కలుముక్కలుగా వినే ఉంటావు, ఆయన చెప్పే తీరులో అదొక వీరగాథ. జరిగింది వేరు. మేము నలుగురం, దారి చూపే ఒక పెద్దాయన, తెల్లవారుజామునే కొండెక్కడం మొదలుపెట్టాం. మీ చిన్నాన్న ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్న బాతు నూగు కోటు, అంటే బాతు మెత్తటి ఈకలు నింపిన కోటు తొడుక్కుని, అది తొడుక్కుంటే మంచుగడ్డ మీద పడుకున్నా ఫరవాలేదని దారి పొడవునా మాకు ఒకటే ఊదరగొట్టాడు. సగం దారిలో మా నడక చూసి విసుగెత్తి, పై మలుపు దాకా పరుగెత్తి చూపిస్తానని పందెం కట్టాడు. పరుగెత్తాడు కూడా, కాదనను. కోటు విప్పమని పెద్దాయన రెండుసార్లు కేకేస్తే, ఇంత వెచ్చగా ఉంటే ఎందుకు విప్పాలని నవ్వాడు. మేము పైకి చేరేసరికి బాగా ఆలస్యమైంది, మాలో ఒకాయన చెప్పు తెగి కూర్చుండిపోయాడు. ఆ పైన గాలి దేనికీ అడ్డులేకుండా కొడుతోంది. మీ చిన్నాన్న ఒక బండకు ఆనుకుని కూర్చుని గజగజ వణుకుతున్నాడు, జుట్టులోంచి ఇంకా ఆవిరి లేస్తోంది. మేము అక్కడే కాసేపు దమ్ము తీసుకున్నాం. అంతలో వణుకు తగ్గింది, అమ్మయ్య, వేడెక్కాడని మేము అనుకున్నాం. పెద్దాయన మాత్రం దగ్గరికి వెళ్ళి, బాబూ, కోటు బొత్తాలు నువ్వే పెట్టుకో చూద్దాం అన్నాడు. పెట్టుకోలేకపోయాడు. వేళ్ళు బొత్తాం చుట్టూ తిరుగుతున్నాయే గాని పట్టుకోవడం లేదు. మాట ముద్దగా వస్తోంది, నన్ను పట్టుకుని మామయ్యా అని పిలిచాడు. అప్పుడు ఆ పెద్దాయన చేసిన మొదటి పని వాడి ఒంటిమీద ఉన్న కోటు లాగేయడం. మేమంతా అయ్యో అని అరిచాం. లోపల చొక్కా పిండితే కారేటట్టు ఉంది, కోటులోని నూగంతా తడిసి అట్టకట్టి మూలలకు జారిపోయింది. ఒళ్ళు తుడిచి, పొడి చొక్కా వేసి, తన గొంగడి కప్పి, ఇద్దరి మధ్య కూర్చోబెట్టి, గాలి తగలని చోటికి దించిన తర్వాత గాని మళ్ళీ వణుకు మొదలు కాలేదు. ఆ వణుకు చూసి పెద్దాయన తేలికగా ఊపిరి పీల్చుకున్నాడు. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కిందికి దిగడం మొదలైతే ముందు వేళ్ళ పట్టు, ఆపైన మాట, ఆపైన తెలివి తప్పుతాయని, వెచ్చబడకుండానే వణుకు ఆగితే అది నయం కావడం కాదని నేను పుస్తకాల్లో చదువుకున్నది ఆ తర్వాతే. బొత్తాం పట్టుకోలేకపోవడమూ, తాళంచెవి తిప్పలేకపోవడమూ నా దృష్టిలో వేరువేరు సంగతులు కావు. పండు చెప్పిందంతా నిజమేనని నేను అనడం లేదు.

ఇక నింపుడు సరుకు సంగతి. బాతు నూగుకు సాటి లేని మాట నిజమే. ఫిల్ పవర్ 800 అని రాసి ఉంటే, ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల నూగు విచ్చుకుని 800 ఘనపు అంగుళాలు, సుమారు 13 లీటర్ల చోటు ఆక్రమిస్తుందని అర్థం. ఆ చోటులో చిక్కుకున్న కదలని గాలే వెచ్చదనం. తడిస్తే నూగు ముడుచుకుపోతుంది, గాలి పోతుంది, వెచ్చదనమూ పోతుంది. నీళ్ళు అంటకుండా మందు పట్టించిన నూగు కొంత మెరుగే గాని, లోపలి నుంచి గంటసేపు ఊరే చెమటకు దాన్ని అప్పగించను. నూగు జాకెట్ నీ దగ్గర ఉన్నది చాలు, దాన్ని పరుగు తర్వాత వేసుకో. పరుగుకు సింథటిక్ పీచు నింపినది తీసుకో. నూగుకు బదులుగా తడిసినా పనికొచ్చేది కావాలని అమెరికా సైన్యం అడిగితే 1980లలో పుట్టిన ప్రైమాలాఫ్ట్ ఈ కోవలోదే. నీకు అంతకంటే నప్పేది, ఊపిరాడే నింపుడు అని అమ్ముతున్న రకం, అంటే లోపలి చెమట ఆవిరిని బయటికి పోనిచ్చేది. పోలార్‌టెక్ ఆల్ఫా అలాంటిదే, దాన్ని అమెరికా ప్రత్యేక దళాల కోసం తయారుచేశారు. పరుగెత్తి ఆగి మళ్ళీ పరుగెత్తే సిపాయి మాటిమాటికీ కోటు విప్పి తొడగలేడు కదా, నీ అవసరమూ అదే. లేబుల్ మీద చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల నింపుడో రాసి ఉంటుంది. పరుగుకు 40 నుంచి 60 మధ్య చాలు, 100 దాటినది నిలబడేవాళ్ళకు.

ఒళ్ళంతా ఒకే మందం ఉన్నదానికంటే, ఎదురుగాలి తగిలే ఛాతీకి నింపుడు, వీపుకూ చంకలకూ సాగే పలుచటి అల్లిక బట్ట ఉన్నది నాకు తెలివైన కుట్టు అనిపించింది. చేతులు లేని రకం కూడా చెడ్డది కాదు. గాలి లేని రోజున కూడా పరుగెత్తేవాళ్ళకు తమ వేగమే గాలి అవుతుంది, ఆపైన నిజమైన గాలి తోడైతే చెప్పక్కరలేదు. అమెరికా, కెనడాలు 2001 నుంచి వాడుతున్న లెక్క ప్రకారం, 0 డిగ్రీల చలిలో గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తే చర్మానికి −5 డిగ్రీల చలి పెట్టినట్టు ఉంటుంది. −10 డిగ్రీల్లో 30 కిలోమీటర్ల గాలి అయితే దాదాపు −20. అందుకే వెళ్ళేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్ళి, చెమట పట్టిన తర్వాత గాలిని వీపున పెట్టుకుని రావాలి. దీనికి జాకెట్ కూడా అక్కరలేదు, కాస్త ఇంగితం చాలు. ఇంగితం నీకు లేదని కాదు.

నీళ్ళు అస్సలు చొరబడనిదే కావాలని పట్టుపట్టకు. పొడి మంచు కురిసే −10 డిగ్రీల రోజున దులిపితే రాలిపోతుంది, అప్పుడు గాలిని ఆపే పలుచటి పై బట్ట సరిపోతుంది. నీళ్ళను పూర్తిగా ఆపే పొర ఎంత మంచిదైనా పరుగు చెమటంతటినీ బయటికి పంపలేదు. నేను భయపడేది 2 డిగ్రీల్లో సన్నటి వాన పడే రోజుకు. థర్మామీటరు చూసి ఇది చలే కాదని అందరూ బయల్దేరే రోజు అది. అలాంటి నాడు పరుగు తగ్గించుకుంటే నీ పరువేమీ పోదు.

లోపల నూలు బనీను వేయవద్దు. నూలు చెమట తాగి వదలదు. మెరీనో ఉన్నిదో, పాలిస్టర్‌దో ఒంటికి అంటిపెట్టుకుని ఉండాలి. బయల్దేరేటప్పుడు కాస్త చలి వేయాలి. గుమ్మంలోనే హాయిగా ఉందంటే ఎక్కువ తొడుక్కున్నావని లెక్క. బయట ఉన్నదానికంటే 10 డిగ్రీలు ఎక్కువ ఉందనుకుని బట్టలు వేసుకోమని పరుగువాళ్ళు అనే మాట బాగానే ఉంది. జిప్పు మెడదాకా రావాలి, పరుగులోనే కిందికి లాగగలగాలి, చెమట పట్టకముందే లాగాలి, పట్టిన తర్వాత కాదు. ఫోను లోపలి జేబులో పెట్టుకో, చలికి బ్యాటరీ చప్పున పడిపోతుంది. ఫోను పడిపోతే నువ్వు ఎవరిని పిలుస్తావు? తలలోంచి సగం వేడి పోతుందని మీ అమ్మ మంకీ క్యాప్ పంపుతానంటోంది. అది తప్పు లెక్క, తలలోంచి పోయేది దాని వైశాల్యానికి తగినంత, అంటే పదో వంతు ప్రాంతమే. అయినా పెట్టుకో.

కొనేముందు లోపలి బనీనుతో సహా తొడిగి చూడు. చేతులు పైకెత్తితే నడుము బయటపడకూడదు, చంకల దగ్గర పట్టేయకూడదు, అలాగని లోపల గాలి ఆడేంత వదులూ ఉండకూడదు. అక్కడే రెండడుగులు పరుగెత్తు, ఎవరైనా చూస్తే చూడనీ. తెల్లవారుజామున పరుగెత్తేదానివి, దీపం పడితే మెరిసే పట్టీలు ముందూ వెనకా ఉన్నాయో లేదో చూసుకో. ఉతికేటప్పుడు బట్ట మెత్తబడే మందులు వేయకు, చెమటను లాగే గుణం పోతుంది.

మా పాఠం గంట కొట్టినా ఆగదని నీకు తెలుసు, క్షమించు. నువ్వు ఏది కొన్నా నాకు సమ్మతమే. తిరిగి వచ్చే గుమ్మం దగ్గర, పక్కింటి అమ్మగారు ఒప్పుకుంటే ఆవిడ దగ్గర, ఇంకొక తాళంచెవి ఉంచు. వచ్చీ రాగానే తడి బట్టలు విప్పెయ్యి, సందేశాలు తర్వాత చూసుకోవచ్చు. పండు మాట ఎంతవరకు నిజమో నువ్వే ఒక ముక్క రాస్తే మీ అమ్మకు చెబుతాను, కోప్పడను.

మణికట్టు నుంచి నడిమివేలి కొస దాకా కొలత తీసి పంపు. మీ అమ్మ చేతి తొడుగులు అల్లుతానని ఉన్ని తీసి కూర్చుంది. ఉన్ని మంచిదే గాని గాలిని ఆపదు కాబట్టి వాటిపైకి పలుచటిది ఇంకొక జత నువ్వే చూసుకో, నాలుగు వేళ్ళూ కలిపి ఒకే సంచిలో ఉండే రకమైతే మరీ వెచ్చగా ఉంటుంది.

ఇట్లు
మీ నాన్న