టీయూ-95 మోడల్ చేసేవారు ముందు విశాఖ బీచ్‌కి వెళ్లాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ప్లాస్టిక్ విమాన మోడళ్ల మీద వచ్చిన కథనం చదివి సంతోషించాను. తెలుగు పత్రికల్లో ఈ పనికి చోటు దొరకడమే అరుదు. అయితే సోవియట్ బాంబర్ టీయూ-95 బొమ్మ వేసి, పెట్టె విప్పి జిగురు పెట్టి రంగు వేస్తే అయిపోతుందన్నట్టు ముగించారు. చిన్న ఫైటర్ విమానమైతే అలా నడుస్తుందేమో గానీ టీయూ-95కి నడవదు. ఆ మాట నమ్మి అంత పెద్ద కిట్ కొన్నవారు సగంలో అటకెక్కిస్తారు. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా మన అదృష్టం గురించి చెప్పాలి. టీయూ-95 తొలిసారి ఎగిరింది 1952 నవంబరు 12న. దాని నుంచే జలాంతర్గాముల వేటకు టీయూ-142 పుట్టింది. ఇది 1968లో తొలిసారి ఎగిరింది. మన నౌకాదళం ఎనిమిది టీయూ-142లను తీసుకుంది. 1988లో గోవాలో చేరిన ఆ విమానాలు 1992లో అరక్కోణం వెళ్లి, 2017 మార్చి 29న సర్వీసు ముగించాయి. వాటిలో ఒకటి అదే ఏడాది డిసెంబరు నుంచి విశాఖ బీచ్ రోడ్డులో, కురుసుర జలాంతర్గామికి ఎదురుగా మ్యూజియంగా ఉంది. వేరే దేశాల మోడలర్లు చాలామంది ఫొటోలు చూసి సరిపెట్టుకుంటుంటే, మనం టికెట్ కొని దాని పొట్ట కింద నిలబడొచ్చు. ఇంత సౌకర్యం ఉండి కూడా పెట్టె మీది బొమ్మ చూసి రంగు వేస్తే ఎలా?

కిట్ కొనేటప్పుడే ఒకటి తేల్చుకోవాలి. 1/72 స్కేలులో, అంటే నిజం విమానంలో 72వ వంతు సైజులో, ట్రంపెటర్ కంపెనీ టీయూ-95ఎంఎస్, టీయూ-142ఎంఆర్ రెండూ ఇస్తుంది. విశాఖలో ఉన్నది ఈ రెండూ కాదు, టీయూ-142ఎంకే-ఈ. ఎంఎస్ ముక్కు అంతా పెద్ద రాడార్ గుమ్మటం, ముందుభాగం పొట్టి. ఎంఆర్ నీటి అడుగున ఉన్న జలాంతర్గాములకు సందేశాలు అందించే విమానం. పొడవాటి తీగ యాంటెన్నాను వెనక్కి వదిలే యంత్రం దాని పొట్ట కింద ఉంటుంది. విశాఖ విమానానికి పొట్ట కింద సముద్రాన్ని వెతికే రాడార్ గుమ్మటం ఉంటుంది. తోక నిలువు రెక్క కొసన వెనక్కి పొడుచుకొచ్చిన కాడ కూడా ఉంటుంది. జలాంతర్గామి ఉక్కు వల్ల అయస్కాంత క్షేత్రంలో వచ్చే తేడాను పసిగట్టే పరికరం అందులోనిదే. కాబట్టి మన నౌకాదళం విమానమే కావాలనుకునేవారు ఎంఆర్ కిట్ తీసుకుని ముక్కు, పొట్ట, తోక మూడు చోట్లా మార్పులు చేసుకోవాలి. అంత ఓపిక లేకపోతే ఎంఎస్ చేసి దాన్ని సోవియట్ బాంబర్‌గానే నిలబెట్టడం నిజాయతీ గల పని. ఎంఎస్ మీద భారత నౌకాదళం గుర్తులు అంటించడం మాత్రం వద్దు.

సైజు కూడా చూసుకోండి. రెక్కలు కొస నుంచి కొసకు 50 మీటర్లు. 1/72లో అది దాదాపు 70 సెంటీమీటర్లు. టీయూ-142 పొడవు 53 మీటర్లు, అంటే మోడల్ 74 సెంటీమీటర్ల దాకా వస్తుంది. మామూలు పుస్తకాల అలమారాలో పట్టదు. మొదటిసారి చేసేవారికి 1/144 మంచిది, 35 సెంటీమీటర్లతో సరిపోతుంది.

పని మొదలుపెట్టగానే అందరూ మరిచిపోయేది బరువు. మూడు కాళ్ల మీద నిలబడే విమానానికి తోక బరువెక్కితే ముక్కు పైకి లేస్తుంది. బాడీ రెండు సగాలనూ, రెక్కలనూ ముందు టేపుతో కలిపి, ప్రధాన చక్రాలు వచ్చే చోట రెండు పెన్సిళ్ల మీద ఆనించి చూడండి. తోక కిందికి దిగితే ముక్కులో సీసం పెట్టాలి. ముక్కులో చోటు చాలకపోతే లోపలి వైపు, అంటే బాడీకి దగ్గరగా ఉన్న ఇంజను డొప్పల ముందుభాగంలో పెట్టొచ్చు, అవీ చక్రాల కంటే ముందే ఉంటాయి. చేపల వలలకు కట్టే సీసపు గుండ్లు చాలు. కానీ వాటిని ఫెవికాల్ లాంటి తెల్ల జిగురుతో అంటించకూడదు. అందులోంచి వచ్చే ఆమ్లానికి సీసం మెల్లగా తెల్ల పొడిగా మారి ఉబ్బుతుంది. కొన్నేళ్లకు బాడీ అతుకు లోపలి నుంచి పగిలిపోతుంది. ఎపాక్సీతోనే అంటించాలి, ఆ తర్వాతే బాడీ మూయాలి. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పిల్లలతో చేయిస్తుంటే ఇది మరీ ముఖ్యం.

రెక్క వెనక అంచు కిట్లలో మందంగా వస్తుంది. 1/72లో ఒక మిల్లీమీటరు అంటే నిజం విమానం మీద 72 మిల్లీమీటర్లు, ఏడు సెంటీమీటర్ల మొద్దు అంచన్నమాట. పై ముక్క, కింది ముక్క అతికించక ముందే లోపలి వైపు నుంచి నీటి ఎమరీ పేపర్‌తో సన్నం చేయాలి. బయటి వైపు రుద్దితే రేకుల అతుకులను చూపే ప్యానెల్ గీతలు పోతాయి. ఇంత పొడవు రెక్క బాడీతో కలిసే చోట ప్లాస్టిక్ నాలుక ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, బాడీ గుండా ఒక ఇత్తడి గొట్టం దూర్చండి. టీయూ-95 రెక్కలు వెనక్కి 35 డిగ్రీలు వాలి ఉండటంతో పాటు కొసల వైపు కొంచెం కిందికి దిగి ఉంటాయి. జిగురు ఆరేదాకా రెండు కొసల కిందా సమానమైన ఎత్తు పెట్టి నిలపాలి. ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా ఎదురుగా చూసినప్పుడు కనబడుతుంది.

ఇంజను డొప్పలు నాలుగూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ కావు. లోపలి రెండింటి వెనక చక్రాలు ముడుచుకునే పొడవాటి తొట్టెలు ఉంటాయి. ముక్కలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేమ్ నుంచి కోసిన వెంటనే ప్రతి ముక్కకూ మాస్కింగ్ టేపు అంటించి లోపల, బయట, కుడి, ఎడమ అని రాసుకోండి.

ఇక ప్రొపెల్లర్లు. ఈ విమానం అందమంతా అక్కడే ఉంది, ఎక్కువమంది చెడగొట్టేదీ అక్కడే. దీని నాలుగు ఎన్‌కే-12 ఇంజన్లలో ఒక్కొక్కదానికి నాలుగేసి బ్లేడ్ల ప్రొపెల్లర్లు రెండు, ఒకదాని వెనక ఒకటి, ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. మొత్తం 32 బ్లేడ్లు. ముందు వరసది, వెనక వరసది ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా ఉంటాయి, వాటి మెలిక వ్యతిరేకం. ముందువి వెనక, వెనకవి ముందు పెడితే రంగు ఎంత బాగా వేసినా ఆ ఇంజను విమానాన్ని వెనక్కి తోసే ఇంజనే. రెండు వరసల బ్లేడ్లనూ వేరు వేరు డబ్బాల్లో పెట్టి, ఒక వరస పూర్తయ్యాకే రెండోది తీయాలి. ఏ వరస ఎటు తిరిగి ఉండాలో కిట్ కాగితం కంటే మ్యూజియంలో చూసుకోవడం మేలు. అక్కడ ఇంజను, ప్రొపెల్లర్ విడిగా కూడా ప్రదర్శనలో ఉన్నాయి. సరిగ్గా ఎదురుగా, పక్క నుంచి, బ్లేడు మొదలు దగ్గరగా మూడు ఫొటోలు తీసుకుంటే ఇక అనుమానం ఉండదు.

నిజం ప్రొపెల్లర్ అడ్డుకొలత 5.6 మీటర్లు, 1/72లో దాదాపు 78 మిల్లీమీటర్లు. బ్లేడ్లు విడివిడిగా అతికించాల్సి వస్తే అట్ట మీద 78 మిల్లీమీటర్ల వృత్తం గీసి, మధ్యలో ఒకదానికొకటి లంబంగా రెండు గీతలు గీయండి. మధ్యలో గుండుసూది గుచ్చి, బ్లేడ్లు అతికే మధ్య బొడిపెను దాని మీద నిలిపితే నాలుగు బ్లేడ్ల కొసలూ వృత్తాన్ని తాకుతాయి. ఏది తాకకపోయినా జిగురు ఆరకముందే సరిచేయొచ్చు. బ్లేడ్ల వంపు కూడా నాలుగింటికీ ఒకేలా ఉండాలి, దానికి పక్క నుంచి చూస్తూ ఒక ముక్క అట్టను కోణానికి కత్తిరించి ఆనించి చూడాలి. ప్రొపెల్లర్లకు రంగు విడిగా వేసి చివర్న పెట్టండి. ముందే పెడితే మాస్కింగ్ చేసేటప్పుడు, అంటే రంగు పడకూడని చోట టేపుతో కప్పేటప్పుడు, రెండో మూడో విరగడం ఖాయం.

సోవియట్ రోజుల టీయూ-95ల్లో కొన్నిటికి లోహపు మెరుపు పైభాగం, అణుపేలుడు వెలుగును తిప్పికొట్టే తెల్లటి అడుగుభాగం. 1961 అక్టోబరు 30న అతిపెద్ద అణుబాంబును జారవిడిచిన టీయూ-95వి రకం విమానానికి పూర్తిగా తెలుపే పూశారు. ఆ బాంబు పట్టక దాని బాంబు తలుపులు తీసేశారు కూడా. లోహపు రంగు వేస్తే కింద ఉన్న ప్రతి గీతా, ప్రతి గుంటా బయటపడుతుంది. అందుకని బాడీ అతుకును జిగురు పెట్టిన రోజే రుద్దకూడదు. ప్లాస్టిక్‌ను కరిగించి అతికే జిగురు రెండు మూడు రోజుల దాకా కుంగుతూనే ఉంటుంది. ముందే నున్నగా రుద్దేస్తే రంగు వేశాక అతుకు వెంట సన్నటి పల్లం తేలుతుంది. 400 నంబరు ఎమరీ పేపర్‌తో మొదలుపెట్టి 600, 1000, 2000 నంబర్ల దాకా నీటితో రుద్ది, చెరిగిన ప్యానెల్ గీతలను సూదితో మళ్లీ గీయాలి. గట్టి ప్లాస్టిక్ టేపు ఆనుగా పెట్టి, ఒత్తకుండా నాలుగైదుసార్లు లాగితే గీత తిన్నగా వస్తుంది.

రంగుల వరస ఇలా ఉండాలి. ముందు ప్రైమర్, తర్వాత అడుగుభాగం తెలుపు, అది పూర్తిగా ఆరాక మాస్కింగ్, ఆపైన పైభాగానికి మెరిసే నలుపు, ఆ నలుపు మీద అల్యూమినియం. తెలుపు చివరికి పెట్టుకుంటే ముదురు రంగును కప్పడానికి పొర మీద పొర వేయాల్సి వస్తుంది, పైగా టేపు లోహపు రంగును లేపేస్తుంది. నలుపు ఎనామెల్ వేసి దాని మీద లాకర్ అనే త్వరగా ఆరే రకం అల్యూమినియం రంగు కొడితే నలుపు ముడతలు పడి పగులుతుంది. రెండూ ఒకే రకం వాడాలి. అల్యూమినియం ఎయిర్‌బ్రష్‌తో 12 నుంచి 15 పీఎస్‌ఐ ఒత్తిడిలో, పలచగా, మంచులా దిగనివ్వాలి. కొన్ని ప్యానెళ్లను మాస్క్ చేసి, అదే రంగులో రెండు చుక్కల నలుపు కలిపి వేస్తే నిజం రేకుల తేడా వస్తుంది. అన్నిటికీ చేయొద్దు, చదరంగం బల్లలా తయారవుతుంది.

మన కోస్తాలో వానాకాలం లాకర్ రంగులకు శత్రువు. రంగును పలచన చేసే థిన్నర్ వేగంగా ఆవిరై ఉపరితలం చల్లబడుతుంది, గాలిలోని తేమ దాని మీద పట్టి మెరుపు రంగు పాలలా తెల్లబడుతుంది. తేమ తక్కువ ఉన్న మధ్యాహ్నం వేళ వేయండి, లేదా మెల్లగా ఆరనిచ్చే రిటార్డర్ కొద్దిగా కలపండి. కిటికీ తెరిచి, మాస్కు పెట్టుకునే పని చేయాలి. నీళ్లలో తడిపి అంటించే గుర్తుల బొమ్మలు, అంటే డెకాళ్లకూ తేమ పడదు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పాటు ఉంచాలి. అంటించే ముందు ఆ చోట నున్నగా మెరిసే వార్నిష్ తప్పనిసరి. గరుకు రంగు మీద అంటిస్తే కింద గాలి చిక్కి డెకాల్ చుట్టూ వెండిలా మెరుస్తుంది.

అద్దాల ముక్కలకు సూపర్‌గ్లూ వాడకూడదు, దాని ఆవిరికి అద్దం మసకబారుతుంది. సీసం దగ్గర వద్దన్న ఫెవికాల్ ఇక్కడ సరైనది, ఆరాక పారదర్శకంగా ఉంటుంది.

తోక ఫిరంగుల గొట్టాలకు కిట్ ముక్కలు తీసేసి, వాడని 24 గేజి ఇంజక్షన్ సూది పెట్టండి. సన్నటి ఆకురాయితో సూది చుట్టూ గీరి విరిస్తే బోలు మూసుకుపోదు. యాంటెన్నా తీగలకు కిట్ ఫ్రేమ్ ముక్కను కొవ్వొత్తి మీద మెత్తబడేదాకా తిప్పి, మంట నుంచి తీసి లాగితే వెంట్రుక లాంటి తీగ వస్తుంది. అంటించాక వదులుగా ఉంటే వెలిగించిన అగరుబత్తిని తాకించకుండా దగ్గరగా తెస్తే బిగుసుకుంటుంది. ఒక్క క్షణం ఎక్కువైతే తెగుతుంది.

పొగ మరకలు పొగగొట్టం దగ్గర ముదురుగా మొదలై గాలి పోయే దారినే వెనక్కి పలచబడాలి. ప్యానెల్ గీతలన్నీ నల్ల రంగుతో నింపేయడం ఇప్పుడు ఫ్యాషన్ అయింది గానీ ఇంత పెద్ద విమానానికి అది నప్పదు. 0.3 మిల్లీమీటర్ల గీత అంటే నిజంలో రెండు సెంటీమీటర్ల సందు, అలాంటి సందులతో ఏ విమానమూ ఎగరదు. లోహం మీద లేత బూడిద, తెలుపు మీద ఇంకా లేతది చాలు. ఎంఎస్ చేసేవారు రెక్కల కింద క్షిపణులు వేలాడదీసే ముందు ఏ సంవత్సరం విమానమో తేల్చుకోవాలి. లోపల ఆరు, బయట పది క్షిపణులతో పదహారు మోసే రకం ఒకటుంది. ఆయుధ ఒప్పందాల తర్వాత బయటి కొక్కేలు తీసేశారు. 1990ల చివరి గుర్తులు అంటించి రెక్కల కింద పది క్షిపణులు పెడితే తప్పు.

మీ పత్రిక ద్వారా మ్యూజియం నిర్వాహకులకు ఒక విన్నపం. విమానం పక్కన ఎదురు, పక్క, పై చిత్రాలు కొలతలతో సహా ఒక బోర్డు మీద తెలుగులోనూ పెట్టించండి. చక్రాల గూళ్లలో ఒక దీపం పెట్టి, అక్కడ దగ్గర నుంచి ఫొటో తీసుకోనివ్వండి. మోడల్ చేసేవాళ్లకు అన్నిటికంటే దొరకనిది ఆ లోపలి గొట్టాల అమరికే. సముద్రపు గాలికి రేకు తినుకుపోయే చోట మళ్లీ మళ్లీ రంగు వేయాల్సి వస్తుంది, అప్పుడు పాత అక్షరాలు, హెచ్చరిక గుర్తులు కిందికి పోతాయి. రంగు వేయించే ముందు వాటన్నిటినీ ఒక కొలబద్ద పక్కన పెట్టి ఫొటోలు తీయించి ఉంచండి. సందర్శకుల కోసం తర్వాత చేర్చినవి ఏవో, విమానంతో వచ్చినవి ఏవో ఆ ఫొటోల పక్కన రాసి పెట్టిస్తే, చూసి మోడల్ చేసేవాళ్లు లేనివాటిని కొత్తగా చేర్చకుండా ఉంటారు.

ఇట్లు,
ఒక స్కేల్ మోడలర్,
విశాఖపట్నం