చదివినవాళ్ళ కోపానికి చోటివ్వండి

సంపాదకులకు,

నమస్కారం.

వివాదం రేపిన నవలల గురించి, అవి సినిమాలుగా వచ్చినప్పుడు జరిగే గొడవల గురించి మీ పాఠకుల పేజీలో కొంతకాలంగా ఉత్తరాలు వస్తున్నాయి. చాలావాటిలో వాదన అంతా ఒక్కచోటే తిరుగుతోంది: మనోభావాలు దెబ్బతిన్నాయా లేదా, ప్రదర్శన ఆపాలా వద్దా. దెబ్బతిన్నామంటున్నవాళ్ళు ఆ పుస్తకం చదివారా, ఆ సినిమా చూశారా అని మాత్రం ఎవరూ అడగడం లేదు. అన్నిటికంటే ముందు అడగాల్సింది అదేనని నా నమ్మకం. ‘సంస్కార’ నవలకూ దాని సినిమాకూ ఏం జరిగిందో గుర్తుచేస్తే నా మాట అర్థమవుతుంది.

యు.ఆర్. అనంతమూర్తి కన్నడంలో రాసిన ఈ నవల 1965లో అచ్చయింది. ఆయన పుట్టింది తీర్థహళ్ళి ప్రాంతంలోని మాధ్వ బ్రాహ్మణ కుటుంబంలో. కథ కూడా అలాంటి ఒక అగ్రహారంలోనే జరుగుతుంది. నారణప్ప అనేవాడు చనిపోతాడు. బతికినన్నాళ్ళూ తాగాడు, మాంసం తిన్నాడు, చంద్రి అనే తక్కువ కులం స్త్రీతో కాపురం చేశాడు, గుడి దగ్గరి దేవుడి చేపల్ని పట్టాడు. వెలివేస్తే మతం మారిపోతానని బెదిరించాడు కాబట్టి ఎవరూ వెలివేయలేదు. కాబట్టి చచ్చాక కూడా అతను బ్రాహ్మణుడే. మరి అంత్యక్రియలు ఎవరు చెయ్యాలి? శవం లేచేదాకా అగ్రహారంలో ఎవరూ మెతుకు ముట్టకూడదు. అందరూ కలిసి, శాస్త్రాలన్నీ చదువుకున్న ప్రాణేశాచార్యుల గడప తొక్కుతారు.

మొదట ఎవరికివారు తప్పించుకోవాలనే చూస్తారు. అప్పుడు చంద్రి తన ఒంటిమీది బంగారం తీసి, ఖర్చులకు ఉంచమని ఆచార్యుల ముందు పెడుతుంది. అంతే, అప్పటిదాకా మనకెందుకని దూరంగా ఉన్న బంధువులే ఆ కర్మ మేం చేస్తామంటే మేం చేస్తామని పోటీ పడతారు. ఆ నగల కుప్ప, దాని చుట్టూ మారిపోయే ముఖాలు, ఇంటికెళ్ళాక భార్యలు వేసే లెక్కలు. మాధ్వ సమాజంలో చాలామందికి ఈ నవల మింగుడుపడకపోవడానికి అడవిలో ఆచార్యుడు చంద్రితో కలిసిన ఘట్టమే కారణమని చెబుతుంటారు. నాకైతే ఈ నగల ఘట్టమే ఎక్కువ గుచ్చుకుని ఉంటుందనిపిస్తుంది. కామం ఒక్క మనిషి పతనం. బంగారం దగ్గర దొరికిపోయింది ఊరంతా.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇళ్ళలో ఎలుకలు గిరగిరా తిరిగి పడి చస్తుంటాయి. ఇంటికప్పుల మీద రాబందులు వచ్చి వాలతాయి. అగ్రహారం వాళ్ళు శంఖాలు ఊది, జేగంటలు కొట్టి వాటిని తోలుతుంటారు. వచ్చింది ప్లేగని చదివేవాడికి తెలిసిపోతూనే ఉంటుంది. పాత్రలు మాత్రం కర్మ ఎవరు చెయ్యాలన్న చర్చలోనే ఉంటారు. ఈలోపు చంద్రి ఒక ముస్లిం చేపల వ్యాపారి సాయంతో రాత్రికి రాత్రే శవాన్ని దహనం చేయించేస్తుంది. అది తెలియక వీళ్ళింకా ఉపవాసాలతో మలమల మాడుతూనే ఉంటారు. బ్రాహ్మణుల్ని తిట్టడానికే రాసిన పుస్తకమైతే ఇంత ఓపిగ్గా రాయనక్కర్లేదు. ఆకలితో, భయంతో, పరువు కోసం కొట్టుకునే మనుషుల మీద జాలి లేనివాడు ఈ పుటలు రాయలేడు.

ఇది నా అభిప్రాయం. దీన్ని ఒప్పుకోని పాఠకులు రెండువైపులా ఉన్నారు. మా ఆచారాలను వక్రీకరించారు, శాస్త్రంలో దారి లేదనడం అబద్ధం, ఏ పండితుడూ ఇంత నిస్సహాయంగా కూర్చోడు అని శాస్త్రం తెలిసినవాళ్ళు వాదించారు. ఆ వాదనను నేను గౌరవిస్తాను. పుస్తకం చదివి, అందులో ఫలానా చోట ఫలానా తప్పుందని చూపించే కోపం అది. దాంతో వాదించవచ్చు, ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు.

రెండో వైపు నుంచి వచ్చిన విమర్శ నాకింకా బలంగా కనిపిస్తుంది. అగ్రహారం ఇల్లాళ్ళను రచయిత ఎండిపోయిన దేహాలుగా, వికారం పుట్టించేలా చూపించాడు. చంద్రినీ, బెల్లి అనే దళిత యువతినీ అందమైన శరీరాలుగా చూపించాడు. వీళ్ళకూ వాళ్ళకూ మనసులో ఏముందో పెద్దగా చెప్పడు. చంద్రి అంత పని చేసి, కుందాపురం వెళ్ళిపోయి, కథలోంచి మాయమైపోతుంది. తర్వాత పుటలన్నీ ఆచార్యుడి మథనానికే. ఊరి బయట దళితుల గుడిసెల్లోనూ అదే రోగంతో మనుషులు చనిపోతారు. శవాలతో సహా గుడిసెకు నిప్పంటించడమే వాళ్ళకు దక్కిన అంత్యక్రియ. వాళ్ళ గురించి ఏ శాస్త్రమూ తిరగేయరు, ఏ ఆచార్యుడూ నిద్ర మానుకోడు. రచయిత కావాలనే అలా వదిలేశాడా, లేక ఆయన చూపు కూడా అగ్రహారం గడప దాటలేదా? ఈ ప్రశ్న వేసినవాళ్ళు పుస్తకాన్ని నిషేధించమనలేదు. ఇంకా లోతుగా చదవమన్నారు. ఒక నవలకు ఇంతకంటే మంచి పాఠకులు దొరకరు.

ఇక సినిమా. దాన్ని తీసింది మన నెల్లూరు మనిషే, తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’తో పద్యం నడుం విరగ్గొడతానంటూ వచ్చి తెలుగు సాహిత్యంలో దుమారం లేపిన కవి పఠాభి ఆయనే. గిరీశ్ కర్నాడ్ స్క్రీన్‌ప్లే రాసి ప్రాణేశాచార్యుడిగా నటించారు. రచయిత పి. లంకేశ్ నారణప్ప అయ్యారు. పట్టాభి భార్య స్నేహలతారెడ్డి చంద్రి. నవల అడగని ప్రశ్నలు కొన్ని ఆమె ముఖం అడిగిందని నాకనిపిస్తుంది. పుస్తకంలో చంద్రి ఆచార్యుడి కళ్ళతో కనిపిస్తుంది, తెరమీద ఆమె తన కళ్ళతో మనల్ని చూస్తుంది. నవల నుంచి సినిమా తీయడం వల్ల ఒరిగే లాభం నా దృష్టిలో ఇదే.

ఐదేళ్ళుగా అందరి చేతుల్లో ఉన్న కథే అది. సినిమా అయ్యేసరికి సెన్సార్ బోర్డు నిషేధించింది. కులాల మధ్య గొడవలొస్తాయన్నది వాళ్ళ భయం. ఆ తర్వాత అనుమతి వచ్చి 1970లో విడుదలైంది, ఆ ఏటి ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు అందుకుంది. పుస్తకానికి లేని అడ్డు సినిమాకెందుకు? అదే 1970లో, సినిమా దర్శకుడు కె.ఏ. అబ్బాస్ సెన్సార్ మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. మిగతా కళల కంటే సినిమా మనసును బలంగా కదిలిస్తుంది కాబట్టి ముందస్తు సెన్సార్ చెల్లుతుందని. కదిలిస్తుందన్న మాట నిజమే. పుస్తకం నచ్చకపోతే మూసేస్తాం. పక్కన నలుగురు కూర్చుని ఉండగా, అడవిలో చీకట్లో ఒక సన్యాసిలాంటి మనిషి జారిపోవడం తెరమీద చూడటం వేరు. కానీ కదిలిపోవడానికీ కత్తులు దూసుకోవడానికీ చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని ప్రేక్షకులు దాటతారని బోర్డు ముందే తీర్మానించింది. అందుకు జనం అభిప్రాయం ఆధారం కాదు, సినిమా చూసే అవకాశమే అప్పటికి జనానికి రాలేదు.

స్నేహలతారెడ్డి గురించి ఒక మాట చెప్పకుండా ముందుకెళ్ళలేను. ఎమర్జెన్సీలో ఆమెను అరెస్టు చేసి బెంగళూరు జైల్లో పెట్టారు. తీవ్రమైన ఉబ్బసం ఉన్న మనిషి. 1977 జనవరిలో పెరోల్ మీద వదిలిన కొద్దిరోజులకే చనిపోయారు. ఆ అరెస్టుకూ ఈ సినిమాకూ సంబంధం లేదు. కానీ జనానికి ఏది మంచో మేమే నిర్ణయిస్తాం అనే అధికారం ఎంతదూరం పోగలదో ఆ ఇంటివాళ్ళు చూశారు.

సుప్రీంకోర్టే 1989లో, ఒక తమిళ సినిమా మీద నడిచిన రంగరాజన్ కేసులో మరో మెట్టు ఎక్కింది. ప్రదర్శనలు చేస్తాం, హింస జరుగుతుంది అని ఎవరో బెదిరించినంత మాత్రాన భావ ప్రకటనను అణచకూడదు, శాంతిభద్రతలు కాపాడటం ప్రభుత్వం బాధ్యత అంది. అతిసున్నిత మనస్కుడి కళ్ళతో కాకుండా మామూలు ఇంగితం ఉన్న మనిషి కళ్ళతో సినిమాను తూచమంది. ఇంత స్పష్టంగా చెప్పాక కూడా పోస్టర్ చూసి, ట్రైలర్ చూసి, ఫోనుకు వచ్చిన ముప్పై సెకన్ల ముక్క చూసి మొదలయ్యే గొడవలకు అధికారులు తలొగ్గుతూనే ఉన్నారు. పైగా బోర్డు నిర్ణయం మీద అప్పీలు చేసుకోవడానికి ఉన్న ట్రిబ్యునల్‌ను 2021లో రద్దు చేశారు. ఇప్పుడు నిర్మాత నేరుగా హైకోర్టుకు పోవాలి. పెద్ద బ్యానర్లకు అది ఇబ్బంది కాకపోవచ్చు. చేతిలో ఉన్నదంతా పెట్టి ఒక కష్టమైన నవలను తెరకెక్కించినవాళ్ళకు లాయరు ఫీజులూ వాయిదాలూ అంటేనే టెన్షన్. వాళ్ళు కోర్టుకు వెళ్ళరు, సీన్లు కోసేసుకుంటారు. అసలు అలాంటి నవల జోలికే పోరు.

ఆ ట్రిబ్యునల్‌ను, లేదా తక్కువ ఖర్చుతో త్వరగా తేల్చే అలాంటి వ్యవస్థనొకదాన్ని, తిరిగి తేవాలని మీ సంపాదకీయంలో గట్టిగా అడగమని కోరుతున్నాను. అది ప్రభుత్వం చెయ్యాల్సిన పని. మీ చేతిలో ఉన్నది ఇంకొకటి ఉంది. ఒక పుస్తకం మీదో సినిమా మీదో ఎవరైనా అభ్యంతరం చెబితే, చదివారా, చూశారా, మీకు బాధ కలిగించింది ఏ ఘట్టం అని మీ విలేకరి అడగాలి. వచ్చిన జవాబు వార్తలో వెయ్యాలి. చదవలేదంటే అదీ వెయ్యాలి. చదివి బాధపడ్డవాళ్ళ ఉత్తరాలు, అవి ఎంత ఘాటుగా ఉన్నా, నాలాంటివాళ్ళ మెచ్చుకోలు ఉత్తరాల పక్కనే కత్తిరించకుండా ప్రచురించండి. ‘సంస్కార’లో దళితుల గుడిసె గురించి నన్ను ఆలోచింపజేసింది ఆ నవల నచ్చని పాఠకులే.

భవదీయుడు,
ఒక పాఠకుడు