వార్షిక నివేదిక 2024-25: షెడ్డులో ధూళి లాగే ఏర్పాటు, ఇతర కార్యక్రమాలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది నివేదికలో ఎక్కువ భాగం ఒకే పని గురించి ఉంటుంది. గుత్తి రోడ్డులో మనం చెక్కపని చేసుకునే షెడ్డులో రంపపు పొట్టునూ సన్నటి ధూళినీ పుట్టిన చోటే లాగేసే ఏర్పాటును మనమే తయారు చేసుకున్నాం. మిగతా కార్యక్రమాలను చివర్లో క్లుప్తంగా చెబుతాను. జమాఖర్చుల పద్దును కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో విడిగా చదువుతారు.

గత సమావేశంలో దీని మీద చాలాసేపు వాదన నడిచిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఉన్న డబ్బుతో చెక్కను చదును చేసే కొత్త మిషన్, ప్లేనర్ కొందామని కొందరు, ముందు ధూళి సంగతి చూద్దామని కొందరు పట్టుబట్టారు. "మా నాయనా, మా తాతా ఈ పొట్టులోనే బతికారు, వాళ్ళకేమైంది?" అని పెద్దలు అడిగారు. అది అడగాల్సిన ప్రశ్నే. వాళ్ళు చేతిరంపం, చిత్రిక, ఉలి, బాడిసలతో పని చేశారు, అది కూడా చెట్టు కిందో పందిరి కిందో. చిత్రిక పడితే చుట్టలు చుట్టుకుని వచ్చే పొట్టు కాళ్ళ దగ్గరే పడుతుంది. మనం నాలుగు గోడల మధ్య నిమిషానికి వేల చుట్లు తిరిగే బ్లేడుతో కోస్తున్నాం, శాండర్‌తో నున్నగా చేస్తున్నాం. అలా లేచే ధూళి వేరు. పైగా ప్లైవుడ్ గానీ, చెక్క పొడిని జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్ పలక గానీ కోస్తే చెక్కతో పాటు అందులోని ఫార్మాల్డిహైడ్ జిగురు కూడా పొడై లేస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క ధూళిని మనుషులకు క్యాన్సర్ తెచ్చే వాటిలో, మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు లోపల, సైనస్‌లలో వచ్చే క్యాన్సర్ అది. ఏళ్ల తరబడి రోజంతా ఫర్నిచర్ పని చేసిన కార్మికుల్లో దాన్ని గుర్తించారు. సెలవు రోజున ఒక పూట వచ్చిపోయే మనకు అంత ముప్పు ఉండదు, ఎవరినీ భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఉబ్బసం, ఆగని తుమ్ములు, చర్మం మీద దురద లాంటివి తక్కువ ధూళితోనే మొదలవుతాయి. టేకు, రోజ్‌వుడ్ కొందరికి అసలు పడవు. మన షెడ్డుకు పిల్లలు కూడా వస్తున్నారు. కమిటీకి ఈ ఒక్క కారణం చాలింది.

సభ్యులు గట్టిగా గుర్తు పెట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. నేల మీద కనిపించే పొట్టు చీపురుకు వస్తుంది, దానితో బాధ లేదు. కంటికి కనిపించనిదే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 10 మైక్రాన్ల ధూళి కణం కదలని గాలిలో మన ముఖం ఎత్తు నుంచి నేలకు దిగడానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఒక మైక్రాన్ కణానికైతే దాదాపు పన్నెండు గంటలు. అంటే సాయంత్రం ఒకరు శాండర్ వాడి వెళ్ళిపోతే, ఆ ధూళిలో కొంత తెల్లారి తాళం తీసే మనిషి పీలుస్తాడు. ధూళి కొలిచే చిన్న మీటరును షెడ్డులో పెట్టి చూసినప్పుడు, మిషన్లు ఆపి ఊడ్చేశాక కూడా అంకె చాలాసేపు దిగలేదు. ఊడుస్తున్నప్పుడైతే పెరిగింది. అది చూశాక వాదన ఆగిపోయింది.

"మన అనంతపురంలో గాలికేం తక్కువ, కిటికీలు తెరిస్తే పోదా?" అన్న మాట కూడా వచ్చింది. నైరుతి గాలి కొట్టే నెలల్లో కిటికీలు తెరిస్తే ధూళి షెడ్డంతా సుడి తిరుగుతుంది. బయటికి పోయింది కాస్తా పక్కింటి మేడ మీద ఆరబెట్టిన వడియాల మీద పడుతుంది. పక్కింటి అమ్మ ఈ సంగతి మనతో నెమ్మదిగానే చెప్పారు. ఆమె మాట పూర్తిగా న్యాయం.

ఇక తయారీ. కళ్ళంలో శనక్కాయలు తూర్పారబడితే బరువైనది దగ్గర పడి, పొట్టు గాలికి దూరం పోతుంది కదా, మన యంత్రంలో నడిచేదీ అదే సూత్రం. తేడా ఏమిటంటే గాలి నేరుగా వీచకుండా గుండ్రంగా తిరుగుతుంది. ఎండాకాలం కూలర్లు చేసే రేకుల షాపులో జీఐ రేకుతో గరాటు ఆకారంలో ఒక సైక్లోన్ చేయించాం. పొట్టుతో నిండిన గాలి దాని పైభాగంలో పక్కవాటుగా లోపలికొచ్చి గోడను ఆనుకుని తిరుగుతుంది. బరువైన పొట్టు గోడకు కొట్టుకుని, జారి కింది డ్రమ్ములో పడుతుంది. గాలి మధ్యలోంచి పైకి లేచి, గాలిని లాగే ఫ్యానైన బ్లోవర్‌లోకి వెళ్తుంది. పై గొట్టం లోపలికి ఎంత దిగాలన్నది ముఖ్యం. గాలి లోపలికొచ్చే నోటి కంటే అది కిందికి ఉండాలి, లేకపోతే వచ్చిన పొట్టు వచ్చినట్టే బ్లోవర్‌లోకి పోతుంది. కూలర్ల మేస్త్రీకి బొమ్మ గీసి చూపిస్తే చాలింది, అతుకులు ఆయన మనకంటే బాగా వేశాడు.

డ్రమ్ము మూత దగ్గర గాలి లీకైతే సైక్లోన్ పని చేయదు. సన్నటి సందు ఉన్నా అక్కడినుంచి గాలి పైకి తన్ని, పడిన పొట్టును మళ్ళీ లేపుతుంది. పాత టైరు ట్యూబును పట్టీగా కోసి మూతకు అంటించాం. డ్రమ్ము ఇనుపదే పెట్టాం. పైపు ఎక్కడైనా మూసుకుపోతే ప్లాస్టిక్ డ్రమ్ము లోపలికి నొక్కుకుపోతుంది.

బ్లోవర్ 2 హెచ్‌పీ మోటారుతో నడుస్తుంది. మన జిల్లాలో శనక్కాయలు కొట్టే పాత మిషన్లకు కొదవ లేదు కాబట్టి, వాటి ఫ్యానే పెడితే ఖర్చు తగ్గుతుందని ఇద్దరు ముగ్గురు సభ్యులు సూచించారు. ఆ ఫ్యాను బయటికి చాలా గాలి కొడుతుంది, నిజమే. కానీ పైపు, వంపు, సైక్లోన్, ఫిల్టర్ ఇన్నిటిని దాటించేంత ఒత్తిడి దానికి ఉండదు, అడ్డు తగలగానే గాలి పడిపోతుంది. ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్‌ది ఇందుకు పూర్తిగా తిరగబడిన స్వభావం. లాగే శక్తి ఎక్కువ, గాలి పరిమాణం తక్కువ. అందుకే సన్నటి గొట్టం ఉండే శాండర్‌కు అది బాగా సరిపోతుంది, బల్లకు బిగించిన గుండ్రటి రంపానికి, అంటే టేబుల్ సాకు చాలదు.

పైపు విషయంలో లెక్క ఇది. పొట్టు మధ్యలో పేరుకోకుండా సాగాలంటే పైపులో గాలి నిమిషానికి సుమారు 4,000 అడుగుల వేగంతో పోవాలి. 4 అంగుళాల పైపులో ఆ వేగానికి నిమిషానికి 350 ఘనపు అడుగుల గాలి కావాలి. 6 అంగుళాలకైతే 785. మన బ్లోవర్‌కు ఒకసారి ఒక మిషన్ మాత్రమే అందుతుంది కాబట్టి 110 ఎంఎం (సుమారు 4 అంగుళాల) డ్రైనేజీ పైపు తీసుకుని, ప్రతి మిషన్ దగ్గరా ప్లైవుడ్‌తో జారుడు తలుపు పెట్టాం. వాడే మిషన్‌ది ఒక్కటే తెరవాలి, మిగతావన్నీ మూసి ఉంచాలి. నిటారు మలుపు ఉన్న ఎల్బోలు వాడలేదు, రెండు 45 డిగ్రీల బెండ్లు కలిపి మలుపు తిప్పాం. మడతలుండే ఫ్లెక్సిబుల్ గొట్టం నున్నటి పైపు కంటే బాగా ఎక్కువగా గాలిని అడ్డుకుంటుంది, మిషన్ దగ్గర మూరెడు తప్ప ఎక్కడా పెట్టలేదు.

పైపు నోరు ఎక్కడ ఉందన్నదే అన్నిటికంటే ముఖ్యం. నోటికి నాలుగు అంగుళాలు దూరం జరిగితే లాగే గాలి వేగం దాదాపు పదో వంతుకు పడిపోతుంది. ఎంత పెద్ద బ్లోవర్ పెట్టినా దీన్ని మార్చలేం. అందుకే టేబుల్ సా కింది భాగమంతా ప్లైవుడ్‌తో మూసి, గాలి చొరబడేందుకు ఒక సందు మాత్రం వదిలాం. బ్లేడు పైన కూడా ఒక చిన్న తొడుగు పెట్టాం. ఈ పెట్టె పనికి ఖర్చు అతి తక్కువ, ఫలితం అన్నిటికంటే ఎక్కువ. ఇంట్లో మిషన్లున్న సభ్యులు ఇక్కడినుంచే మొదలుపెట్టండి.

ఫిల్టర్ దగ్గర ఎక్కువ సమయం పట్టింది. బజారులో దొరికే మామూలు గుడ్డ సంచి మిషన్లలో చాలావాటికి 30 మైక్రాన్ల సంచి ఉంటుంది. పెద్ద పొట్టును ఆపి, మనకు హాని చేసే సన్నటి ధూళిని తిరిగి ముఖం మీదికే ఊదుతుంది. షెడ్డు శుభ్రంగా కనిపిస్తుంది, గాలి మాత్రం ఇంకా పాడవుతుంది. మనం లారీ ఎయిర్ ఫిల్టర్లు రెండు పక్కపక్కన ఒక చెక్క పెట్టెలో బిగించాం. డీజిల్ ఇంజనుకు రోడ్డు దుమ్ము చేరకుండా చూసే ఫిల్టర్ అది, ఆటో స్పేర్స్ షాపుల్లో సులువుగా దొరుకుతుంది. అయితే ఒక మైక్రాన్ కంటే సన్నటిదాన్ని ఎంత ఆపుతుందో దాని మీద రాసి ఉండదు. అందుకే ఫిల్టర్ దాటిన గాలిని కూడా లోపలికి వదలకుండా, కప్పు పైకి గొట్టం వేసి బయటికి పంపుతున్నాం. చలి దేశాల్లో గది వేడి పోకూడదని ఆ గాలిని తిరిగి గదిలోకే వదులుతారు. మన ఊళ్ళో ఆ ఇబ్బంది లేదు. గాలి బయటికి పోయినంత లోపలికి రావాలి కాబట్టి మిషన్ నడిచేటప్పుడు ఎదురు గోడ కిటికీ తెరిచే ఉంచాలి. షెడ్డు 20 అడుగుల పొడవు, 15 వెడల్పు, 12 ఎత్తు. నిమిషానికి 350 ఘనపు అడుగుల లెక్కన సుమారు పది నిమిషాలకొకసారి లోపలి గాలంతా మారుతుంది.

ఫిల్టర్ నిండిందో లేదో తెలియడానికి మేస్త్రీలు లెవెల్ చూసే పారదర్శకమైన పైపును యూ ఆకారంలో పలకకు బిగించి, రంగు నీళ్ళు పోశాం. ఒక కొస ఫిల్టర్ పెట్టెలోకి, ఇంకోటి బయటి గాలికి. కొత్త ఫిల్టర్‌తో రెండు వైపులా నీటి ఎత్తుకు ఉన్న తేడాను పెన్నుతో గీసి పెట్టాం. ఆ తేడా రెట్టింపైతే ఫిల్టర్ దులపాలి. అది కూడా బయట, మాస్కు వేసుకుని, లోపలినుంచి బయటి వైపుకు గాలి కొట్టి. దీన్ని ఇంటర్ చదివే ఒక సభ్యుడు చేశాడు. షెడ్డులో నాకు బాగా నచ్చిన వస్తువు ఇదే.

విద్యుత్ శాఖలో రిటైరైన మన సభ్యులొకరు వైరింగ్ అంతా విడిగా లాగి, కరెంటును తనంతట తానే కలిపి తెంచే స్విచ్చు, కాంటాక్టర్ పెట్టారు. బ్లోవర్ తిరగనిదే రంపానికి కరెంటు రాదు. రెండు మోటార్లు ఒకేసారి మొదలవవు కాబట్టి, ఎండాకాలం వోల్టేజీ పడిపోయినప్పుడు కూడా ఇబ్బంది రాలేదు. "ఒక్క కోతకు ఎందుకులే" అనే మాటకు ఇక తావు లేదు. పీవీసీ పైపుల్లో పొట్టు రాపిడికి స్టాటిక్ కరెంటు పుట్టి చెయ్యి చురుక్కుమంటుంది కాబట్టి, పైపు వెంట రాగి తీగ చుట్టి ఎర్తుకు కలిపారు.

నిప్పు గురించి మాత్రం నేను కఠినంగా చెప్పక తప్పదు. ఇనుము అరగదీసే గ్రైండర్‌ను ఈ పైపుకు ఎప్పుడూ కలపకూడదు, ఒక్క నిప్పురవ్వ డ్రమ్ములోని పొట్టులో గంటల తరబడి రాజుకుంటుంది. పాత తలుపుల చెక్క కోసే ముందు మేకులు వెతికి తీయాలి. డ్రమ్ము ఏ రోజుకారోజు ఖాళీ చేయాలి. అవిసె నూనె పూసిన గుడ్డల్ని కుప్పగా వేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, మన ఎండల్లో మరీ తొందరగా. వాటిని విడివిడిగా బయట ఆరేయాలి. షెడ్డు గడప లోపల బీడీ, సిగరెట్ నిషేధం.

పొట్టును రెండు గోతాల్లో వేరు చేస్తున్నాం. వేప, తుమ్మ లాంటి మామూలు చెక్క పొట్టును ఇంకా పొట్టు పొయ్యి వాడే ఇళ్ళవాళ్ళు అడిగి తీసుకుపోతున్నారు. ప్లైవుడ్, ఎండీఎఫ్ పొట్టును ఎవరికీ ఇవ్వం. దాన్ని పొయ్యిలో కాల్చకూడదు, కోళ్ళ కిందా మొక్కల మొదట్లోనూ వేయకూడదు.

ఇంట్లో చిన్నగా పని చేసుకునే సభ్యుల కోసం 20 లీటర్ల పెయింట్ బకెట్‌తో చేసే రకాన్ని కూడా చేసి చూపించాం. మూత కింద గుండ్రటి పలక పెట్టి, దాని అంచు చుట్టూ మూడింట రెండు వంతుల మేర అంగుళం పైచిలుకు సందు వదిలితే పొట్టు ఆ సందులోంచి కిందికి జారిపోతుంది. ఫిల్ థీన్ అనే అమెరికా ఆయన రూపొందించిన పద్ధతి ఇది, ప్రపంచమంతా ఆయన పేరుతోనే పిలుస్తారు. ఇంటి వ్యాక్యూమ్ క్లీనర్‌కు మధ్యలో దీన్ని తగిలిస్తే దాని ఫిల్టర్ తొందరగా నిండదు. బకెట్ లోపలికి నొక్కుకుపోకుండా ఒకదాంట్లో ఒకటి రెండు బకెట్లు పెట్టుకోవాలి.

ఇన్ని చేసినా శాండర్ వాడేటప్పుడు ఎన్95 మాస్కు తీయొద్దు. చేతికి దగ్గరగా లేచే ధూళి అంతా పైపులోకి పోదు.

ఇతర కార్యక్రమాలు. ఒక ప్రభుత్వ పాఠశాల విరిగిన బెంచీలను బాగు చేసి ఇచ్చాం. మహిళా సభ్యుల ఆదివారం తరగతి మొదలైంది, పీటలు, మసాలా పెట్టెలు చేస్తున్నారు. ఆచారి గారు ఉలి నూరడం, చిత్రిక పట్టడం నేర్పే తరగతి ఎప్పటిలాగే నడిచింది. ప్లేనర్ కొనుగోలు వాయిదా పడింది.

సమావేశంలో మీ ఆమోదానికి వచ్చే అంశాలు రెండు. ఏటా ఫిల్టర్లు మార్చడానికి సభ్యత్వ రుసుములో కొంత భాగాన్ని విడిగా జమ చేయాలా అన్నది మొదటిది. బ్లోవర్ లేకుండా ఏ మిషనూ నడపకూడదన్న నియమాన్ని బైలాలో చేర్చడం రెండోది. 110 ఎంఎం పైపు, బెండ్లు కలిపి హోల్‌సేల్‌లో తెప్పిస్తున్నాం. ఇంటికి కావాల్సినవాళ్ళు ఎన్ని అడుగులో కొలిచి, షెడ్డులోని పుస్తకంలో పేరు రాయించండి.

కమిటీ తరఫున,
కార్యదర్శి