నీళ్లు మానేసి చాయ్ తాగుతున్నాం

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను హన్మకొండలో ఒక బట్టల దుకాణంలో పదకొండేళ్లుగా చీరల సెక్షన్‌లో పనిచేస్తున్నాను. మూత్రం ఆపుకోలేకపోవడం అనే, ఇంట్లో కూడా చెప్పుకోలేని ఒక బాధ గురించి రాస్తున్నాను. దుకాణాల్లో నిలబడి పనిచేసే ఆడవాళ్లు చాలామంది దీన్ని నోరు మూసుకొని భరిస్తున్నారు.

పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా మా డ్యూటీ. బాత్రూం మూడో అంతస్తులో, గోదాం వెనక. గిరాకీ ముందు ఇరవై చీరలు విప్పి పరిచాక మధ్యలో లేచిపోలేం. అందుకని నీళ్లు తాగడం తగ్గించుకున్నాం. చాయ్ మాత్రం రోజుకు నాలుగు సార్లు మా దగ్గరికే వస్తుంది. ఇంట్లో తాగేది వేరే.

రెండేళ్ల కింద నాకు మొదలైంది. మూత్రం వచ్చిందంటే ఇక ఆగదు. బతుకమ్మ పండుగ ముందు రద్దీలో చీర మడత పెడుతుండగానే బట్టలు తడిసిపోయాయి. ఖాళీ చీరల డబ్బా అడ్డం పెట్టుకొని మూడంతస్తులు ఎక్కాను. ఆ మెట్లు ఇప్పటికీ మరిచిపోలేదు. రాత్రి నాలుగు సార్లు లేవాల్సి వచ్చేది. షుగర్ పరీక్ష చేయించాను, లేదన్నారు. ఇన్ఫెక్షన్ కూడా లేదు. ఒకచోట వయసు మీద పడుతోందని బలం మాత్రలు రాసి పంపారు.

చివరికి ఒక డాక్టరమ్మ, మందు రాయకముందే, మూడు రోజులు ఏం తాగానో, ఎన్నిసార్లు వెళ్లానో టైంతో సహా రాసుకురమ్మంది. పాత బిల్లు బుక్కు వెనక గీతలు కొట్టుకొని రాశాను. రోజుకు చాయ్ ఏడు సార్లు, నీళ్లు మూడు గ్లాసులు. చాయ్ తాగిన గంటలోపే బాత్రూం గీత పడుతోంది. నా చేత్తో నేనే రాసుకున్నా, చూసేదాకా తెలియలేదు.

దీన్ని ఓవర్‌యాక్టివ్ బ్లాడర్ అంటారట. మూత్రాశయం నిండకముందే దాని కండరం బిగుసుకుంటుంది. చాయ్, కాఫీ, కూల్‌డ్రింకుల్లోని కెఫీన్ మూత్రాన్ని పెంచుతుంది, ఆ కండరాన్నీ రెచ్చగొడుతుంది. ఒంట్లో చేరిన కెఫీన్‌లో సగం పోవడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది. నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడి బాధ ఇంకా పెరుగుతుంది. మేం చేస్తున్నవి రెండూ తప్పే!

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం 150 మిల్లీలీటర్ల చాయ్‌లో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఫిల్టర్ కాఫీ అయితే 80 నుంచి 120. రోజుకు 300 దాటకూడదన్నారు. అది మామూలు మనుషుల లెక్క. ఈ బాధ ఉన్నవాళ్లకు అంతకంటే తక్కువతోనే ఇబ్బంది రావచ్చు, అందరికీ ఒకేలా ఉండదు.

నేను మొదటి రోజే పూర్తిగా మానేసి తలనొప్పితో పడిపోయాను. ఎవరూ అలా చేయొద్దు. తర్వాత వారానికి ఒక కప్పు చొప్పున తగ్గించాను. ఇప్పుడు రెండే, అవి కూడా మధ్యాహ్నంలోపే. నీళ్లు ఆరేడు గ్లాసులు కొంచెం కొంచెంగా తాగుతున్నాను, మూత్రం ఆపుకునే కింది కండరాలు బిగించి వదిలే వ్యాయామం చేస్తున్నాను. పూర్తిగా పోలేదు గానీ రాత్రి ఒక్కసారే లేస్తున్నాను.

బస్తీ దవాఖానాల్లో, ఆశా కార్యకర్తలు ఇళ్లకు వచ్చినప్పుడు, ఇలాంటి బాధ చెప్పిన ఆడవాళ్లను రోజుకు ఎన్ని చాయ్‌లు తాగుతారని తప్పకుండా అడగాలి. షుగర్, ఇన్ఫెక్షన్ పరీక్షలు ఎలాగూ చేయాల్సిందే. దానితోపాటు ఈ ఒక్క ప్రశ్నకు ఖర్చేమీ లేదు. కార్పొరేషన్ వాళ్లు దుకాణాలకు లైసెన్సు రెన్యువల్ చేసేటప్పుడు పనిచేసే ఆడవాళ్లకు బాత్రూం ఏ అంతస్తులో ఉందో, మధ్యలో వెళ్లనిస్తున్నారో లేదో చూడాలి. చౌరస్తాల్లో టాయిలెట్లు దుకాణాలు మూసేదాకా తెరిచి ఉంచాలి.

మా దుకాణంలో కింది అంతస్తులో ట్రయల్ రూం పక్కన కొంత జాగా ఉంది. అక్కడ బాత్రూం కట్టించమని పోయిన నెల నలుగురం కలిసి సేటుగారిని అడిగాం. చూద్దామన్నారు. మేమింకా మూడో అంతస్తుకే ఎక్కుతున్నాం.

— ఒక పాఠకురాలు, హన్మకొండ