57 సైజు బ్యాగులకు బదులు 45 సైజువి పంపి, వాపసు కుదరదన్న మీ కంపెనీపై ఫిర్యాదు

నరసన్నపేట,
శ్రీకాకుళం జిల్లా.

ఫిర్యాదుల అధికారి గారికి,

అయ్యా,

మా తమ్ముడి కోసం మీ దగ్గర నెలనెలా స్టోమా బ్యాగులు (ఆపరేషన్‌లో పొట్ట మీద పెట్టిన దారి నుంచి వచ్చే మలం పట్టే సంచులు), ఫ్లాంజ్‌లు (ఆ సంచి తగిలించడానికి చర్మానికి అతికించే పట్టీలు) ఆన్‌లైన్లో కొంటున్నాం. మే నెల ఆర్డర్లో 57 మిల్లీమీటర్ల ఫ్లాంజ్‌లు, వాటికి తగిన 57 సైజు బ్యాగులు పెట్టాం. బిల్లు మీద రెండూ 57 అనే ఉన్నాయి. పెట్టెలో ఫ్లాంజ్‌లు సరిగ్గానే వచ్చాయి, బ్యాగులు మాత్రం 45 సైజువి. పై పెట్టెకి మీరు అతికించిన స్టిక్కర్ మీద 57 అనే ఉంది. లోపలి కవర్ల మీద చిన్న అక్షరాల్లో 45 అని ఉంది. ఒక కవరు చించి బ్యాగు తగిలించబోయేదాకా సంగతి బయటపడలేదు. బిల్లు, స్టిక్కర్, కవర్ల ఫొటోలు ఈ లేఖతో జత చేస్తున్నాను.

మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, కవరు చించారు కాబట్టి హైజీన్ ప్రొడక్ట్ వాపసు తీసుకోం అన్నారు. చించనివైనా తీసుకోండి అంటే పెట్టె సీలు పోయిందన్నారు. అసలు తప్పు సైజు పంపింది మీరే కదా అని అడిగితే, "అర్జెంటైతే కొత్త ఆర్డర్ పెట్టుకోండి మేడం" అని పెట్టేశారు. పెట్టాం, మళ్ళీ పూర్తి డబ్బు కట్టి. అది రావడానికి వారం దాటింది.

ఆ వారం మా ఇంట్లో ఏం జరిగిందో మీకు తెలియాలి. డబ్బు పోయిందని మాత్రమే అయితే ఇంత పెద్ద ఉత్తరం రాసేదాన్ని కాదు.

మా తమ్ముడికి అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు వాచి పుళ్ళు పడే జబ్బు. ఏళ్ళ తరబడి రక్త విరేచనాలు, స్టిరాయిడ్లు, తర్వాత ఖరీదైన ఇంజెక్షన్లు. ఏదీ నిలకడగా పనిచేయక, చివరికి విశాఖపట్నంలో పెద్దపేగు మొత్తం తీసేశారు. చిన్నపేగు చివరను పొట్ట మీదికి తెచ్చి కుట్టారు. దాన్నే ఇలియోస్టమీ అంటారు, పొట్ట మీది ఆ దారే స్టోమా. ఇది మొదటి దశే. వాడు తేరుకుని, ఒళ్ళు పట్టాక, లోపల చిన్నపేగుతోనే సంచిలా కుట్టే ఆపరేషన్ ఒకటి, ఆ తర్వాత పొట్ట మీది దారి మూసేసే ఆపరేషన్ ఇంకొకటి ఉన్నాయి. మొదటి ఆపరేషన్ తర్వాతే పేగు కదలక కొన్నాళ్ళు ముక్కులో గొట్టంతో ఉన్నాడు. కుట్లలో చీము పట్టింది. ఇంటికొచ్చాక కూడా గోడ పట్టుకుని నడిచేవాడు. టెక్కలిలో గ్రానైట్ యూనిట్లో లెక్కలు చూసుకునే కుర్రాడు, అద్దంలో తన పొట్ట చూసుకోలేకపోయేవాడు.

ఇలియోస్టమీ నుంచి వచ్చేది గట్టి మలం కాదు. పల్చగా, అన్నం జీర్ణం చేసే రసాలతో కలిసి వస్తుంది. అది చర్మానికి తగిలితే చర్మాన్నీ తినేస్తుంది. అందుకే ఫ్లాంజ్‌కి పెట్టే రంధ్రం స్టోమా కంటే రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువ ఉండేలా కొలిచి కత్తిరించాలని నర్సమ్మ నేర్పింది. ఇంత జాగ్రత్తగా కొలిచి అతికించిన ఫ్లాంజ్‌కి మీ 45 బ్యాగు, ఒక డబ్బాకి ఇంకో డబ్బా మూత పెట్టినట్టు, ఎంత నొక్కినా పట్టలేదు.

శ్రీకాకుళం మెడికల్ షాపుల్లో అడిగితే కొలాస్టమీ బ్యాగ్ అని ఒకే రకం చూపించారు, ఫ్లాంజ్ బ్యాగు కలిసే ఉండేది. గత్యంతరం లేక అదే తెచ్చాం. మే నెల ఎండ, చెమట. పొద్దున అతికిస్తే మధ్యాహ్నానికి అంచు లేచిపోయేది. పక్కనుంచి కారేది. తుడిచి, కడిగి, ఆరబెట్టి, పౌడర్ చల్లి, మళ్ళీ అతికించేవాళ్ళం. రెండో రోజుకే స్టోమా చుట్టూ చర్మం ఎర్రగా పచ్చిపుండైంది. చర్మం చెమ్మగా ఉంటే ఏదీ అతకదు, అతకకపోతే మళ్ళీ కారుతుంది. అమ్మ పాత నూలు చీరలు చింపి మడతలు పెట్టి పొట్ట చుట్టూ కట్టేది. తడి గుడ్డ తగిలినా వాడు పళ్ళు బిగబట్టేవాడు. రాత్రిళ్ళు పడుకోకుండా మంచం అంచున కూర్చునే ఉండేవాడు.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటి. కారుతుందన్న భయంతో తిండీ, నీళ్ళూ మానేశాడు. "అక్కా, అన్నం వద్దు. తింటే మళ్ళీ నిండిపోతాది" అన్నాడు. ఉప్పేసిన గంజి, ఓఆర్ఎస్ కలిపి దగ్గర పెడితే పక్కకి తోసేవాడు. పెద్దపేగు లేనివాళ్ళకి ఒంట్లోని నీరూ ఉప్పూ ఆ దారినే పోతాయి, ఎప్పటికప్పుడు భర్తీ చేయకపోతే మనిషి నిలబడడు. కాళ్ళు పిక్కలు పట్టేసి, మూత్రం తగ్గి, కళ్ళు తిరిగి పడిపోయాడు. శ్రీకాకుళంలో ఆసుపత్రిలో చేర్చి సెలైన్లు ఎక్కించారు. ఒంట్లో ఉప్పు (సోడియం) పడిపోయింది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగింది అన్నారు. ఉద్దానం మా జిల్లాలోదే. కవిటి, సోంపేట, పలాస వైపు కిడ్నీలు పాడై డయాలసిస్‌కి తిరిగేవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. క్రియాటినిన్ అన్న మాట వినగానే అమ్మ ఆసుపత్రి వరండాలోనే కూలబడిపోయింది. దేవుడి దయవల్ల సెలైన్లతో అది దిగింది. తగ్గిన బరువు మాత్రం ఇంకా రాలేదు. చర్మం మానాలి, బరువు పెరగాలి, అప్పుడే రెండో ఆపరేషన్ సంగతి చూద్దాం అన్నారు విశాఖ డాక్టరు గారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. కొత్త ఆర్డర్ పార్సిల్ వచ్చినప్పుడు పెట్టె వేడిగా ఉంది, ఫ్లాంజ్‌ల జిగురు మెత్తబడి కాగితానికి అంటుకుపోతోంది. చల్లని చోట ఉంచండి, ఎండ తగలనివ్వకండి అని మీ కవర్ల మీదే ముద్రించారు. దారిలో ఆ సంగతి ఎవరు చూస్తున్నారు?

వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం ఆర్డర్లో ఒప్పుకున్నది కాకుండా వేరే సరుకు పంపితే దాన్ని వాపసు తీసుకోననడానికి, డబ్బు తిరిగివ్వననడానికి మీకు వీల్లేదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. "హైజీన్ ప్రొడక్ట్" అన్న మీ కంపెనీ రూలు దీన్ని దాటలేదు. వేరేవాళ్ళు వాడిన బ్యాగు మాకు రాకూడదంటే సబబే. మీరే తప్పు సైజు పంపినప్పుడు ఆ రూలు చూపించి రోగి మీద భారం వేయడం అన్యాయం.

కాబట్టి మేము కోరేది: 45 సైజు బ్యాగుల డబ్బు పూర్తిగా తిరిగి ఇవ్వాలి. మెత్తబడిన ఫ్లాంజ్‌లకు బదులు మంచివి ఖర్చు లేకుండా వెంటనే పంపాలి. ఆసుపత్రి బిల్లులు కూడా జత చేస్తున్నాను, ఆ ఖర్చు మీరే భరించాలి. ఇకమీదట సైజు తప్పు వస్తే, కవరు చించినా సరే, మరుసటి రోజే సరైనవి బయల్దేరేలా నియమం మార్చి మాకు రాతపూర్వకంగా తెలపాలి. ఫోన్లో స్టోమా గురించి తెలిసినవాళ్ళు, తెలుగులో మాట్లాడేవాళ్ళు ఒక్కరైనా ఉండాలి. ఆపరేషనై ఇంటికొచ్చిన మనిషికి ఏ సైజు దేనికి పడుతుందో చెప్పేవాళ్ళు మా ఊళ్ళలో లేరు. మీరు ఆ సరుకే అమ్ముతున్నారు కాబట్టి ఆ బాధ్యత మీదే.

నెలలోగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం మేము ఉంటున్న చోటే వేసుకోవచ్చు. వచ్చే నెల సరుకు కోసం మళ్ళీ మీకే ఆర్డర్ పెట్టాల్సి ఉంది, ఎందుకంటే వాడికి పడే ఫ్లాంజ్ మా దగ్గర్లో ఇంకెక్కడా దొరకడం లేదు. ఆ పెట్టె సర్దేటప్పుడు లోపలి కవరు మీది సైజు కూడా ఒకసారి చూడమని మీ గోడౌన్‌లో ఈరోజే చెప్పండి.

ఇట్లు,
రోగి అక్క

జత: బిల్లు, ఫొటోలు, ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లుల నకళ్ళు